పరాశరశ్లోక వివాదము – ఒక విమర్శ

పరాశరస్మృతి చతుర్థాధ్యాయమునందలి యొక్క శ్లోకము పందొమ్మిదవ శతాబ్దమున హిందూసంఘమును కదల్చినంతగా మఱియే స్మృతివాక్యమును కదల్పలేదు. భర్త కనబడకపోయినను, మరణించినను, సన్న్యసించినను, నపుంసకుడైనను, పతితుడైనను, ఈ యైదాపదలయందు స్త్రీలకు వేఱొక పతి విధింపబడుచున్నాడని దాని తాత్పర్యము. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1855లో వంగభాషయందు ప్రకటించిన రెండు గ్రంథములకును నీ శ్లోకమే మూలస్తంభము. 1856 జూలైలో వితంతువివాహ శాసనము పుట్టుటకును, 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు తన ప్రయత్నములలో మొదటి వితంతువివాహమును జరిపించుటకును వెనుక నున్న శాస్త్రబలము చాలవఱకు దీనిదే.

ఆ వాదప్రతివాదములను చదువబోవువానికి ముందుగా నెదురగునది ధర్మము గాదు, వ్యాకరణము. శ్లోకమునందు 'పతౌ' అని యున్నది. పతిశబ్దమునకు సప్తమ్యేకవచనమున 'పత్యౌ' అనుటయే పాణినీయసమ్మతము. సమాసమునందు మాత్రమే యా శబ్దమునకు ఘిసంజ్ఞ కలిగి 'భూపతౌ', 'శ్రీపతౌ' వంటి రూపములు సిద్ధించును. నిషేధవాదు లిచ్చట చొచ్చిరి. దానికి ముందున్న 'పతితే' యను పదము ఏకారాంతము. దానికి పరమైనది 'అపతౌ' అని తలచినచో అకారము పూర్వరూపమును పొందును, ఛందస్సునకు లోపము రాదు, నఞ్సమాసము గనుక ఘిసంజ్ఞయు నిర్బాధము. అపతి యనగా పతి కాకయే పతివంటివాడు. వాగ్దానము జరిగి పాణిగ్రహణము జరుగని వరుడు. అంతటితో శ్లోకము వితంతువును విడిచి వాగ్దత్తయగు కన్యను చేరినది. చెవికి వినబడని యొక్క అకారము వేలకొలది బాలవితంతువుల బ్రతుకునకు అడ్డుగోడ యైనది. వాదచమత్కృతిగా మాత్ర మిది మెచ్చదగినదే. ప్రాచీన లేఖకులు అవగ్రహమును తఱచుగా వ్రాయరు గనుక తాళపత్రములను వెదకియు దీనిని తేల్చుటకు వీలులేదు.

అయినను ఈ యర్థము నిలువదు. స్మృతులయందు అపాణినీయరూపములు అరుదు కావు. వానిని ఆర్షములని పండితులే యంగీకరింతురు. అంతకంటె బలవత్తరమైన సాక్ష్యము నారదస్మృతియందున్నది. ఇదే శ్లోకము అచ్చటను గలదు. దాని వెంటనే నారదుడు, భర్త దేశాంతరగతుడైనప్పుడు బ్రాహ్మణస్త్రీ యెనిమిది సంవత్సరములు నిరీక్షింపవలెననియు, ప్రసవింపనిదైనచో నాలుగేండ్లు చాలుననియు చెప్పుచున్నాడు. వాగ్దత్తయైన కన్యకు ప్రసవించినది, ప్రసవింపనిది యను విభాగ మెట్లు పొసగును? అపతివాదులు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పక ఘిసంజ్ఞను పట్టుకొని యుండిరి.

విజయనగర రాజ్యమున బుక్కరాయల మంత్రియై పరాశరస్మృతికి విపులవ్యాఖ్య రచించిన మాధవాచార్యుడు ఈ యకారమును ఆశ్రయింపలేదు. శ్లోకము పునర్వివాహపరమే యని యాతడు నిష్కపటముగా నొప్పుకొనెను. కాని యది యుగాంతరవిషయమని, పురాణోక్తమైన కలినిషేధమునుబట్టి త్రోసివేసెను. ఇది గౌరవింపదగిన ప్రతిపక్షము. విద్యాసాగరుని శక్తి యంతయు నిచ్చటనే బయల్పడినది. పరాశరుడు తన గ్రంథారంభముననే యుగభేదమునుబట్టి ధర్మశాస్త్రములను విభజించి, కలియుగమునకు పరాశరోక్తమే ప్రమాణమనుచున్నాడు. కలికొఱకే చెప్పబడిన గ్రంథమున నొక్క విధి మాత్రము కలికి చెల్లదనుట గ్రంథప్రయోజనమునకే విరుద్ధము. స్మృతిపురాణములకు విరోధము కలిగినచో స్మృతియే ప్రబలమని వ్యాసవచనము. ఇక పరాశరుడు ఆ శ్లోకము వెనుకనే బ్రహ్మచర్యమును, సహగమనమును ప్రశంసించినాడు గదా యన్నచో, వితంతువునకు మార్గములు మూడని చెప్పినట్లే యగును. 1829లో సహగమనము నిషిద్ధమైనది గనుక మిగిలినవి రెండే. ఈ వాదమునందు తర్కదోష మెన్నుట కష్టము. శాస్త్రసభలో జయము విద్యాసాగరునిదే.

ఆ జయమునకు చెల్లింపవలసిన వెల యేమో సంస్కర్తలు గాని వారి చరిత్రకారులు గాని తగినంతగా విచారింపలేదు. అదే పరాశరుడు సప్తమాధ్యాయమున, అవివాహితయైన కన్య రజస్వల యగుటను చూచిన తల్లిదండ్రులకును, జ్యేష్ఠభ్రాతకును నరకము విధించినాడు. బాలవితంతువు లుండుటకు హేతువు బాల్యవివాహము. బాల్యవివాహమును నరకభయముతో విధించునదియు, వైధవ్యమునకు ప్రతిక్రియ చూపునదియు నొక్క గ్రంథమే! పరాశరుడే కలికి ప్రమాణమైనచో రెండును ప్రమాణములు. చండాలస్పర్శకు ఆతడు చెప్పిన ప్రాయశ్చిత్తములును ప్రమాణములే. విద్యాసాగరు డీ సంకటము నెఱుగనివాడు కాడు. 1850లో బాల్యవివాహదోషములనుగూర్చి వ్రాసినప్పు డాతడు లోకానుభవమునే యెక్కువగా నాశ్రయించెను. ఒక దురాచారమునకు అనుభవము, వేఱొకదానికి ఋషివాక్యము ప్రమాణములైనవి. జనులు శాస్త్రమును తప్ప మఱి దేనిని వినరని యాతని యెఱుక. అది యుపాయముగా సరియైనదే కావచ్చును. సిద్ధాంతముగా గ్రహించినవారు మాత్రము చిక్కునబడిరి.

శ్లోకము చెప్పని విషయమును శాసనము చెప్పినది. 1856 శాసనము రెండవ విభాగమునుబట్టి పునర్వివాహము చేసికొనిన స్త్రీ పూర్వభర్తృధనమునందలి తన యధికారమును కోల్పోవును. వేఱొక పతిని విధించిన శ్లోకముపై నింత వాదము జరుగగా, ఆ పతిని వరించు స్త్రీ కూడుగుడ్డల మాట సంగ్రహముగా ముగిసినది. ఆ శాసనము 1983లో రద్దుచేయబడువఱకు గ్రంథములయందు నిలిచియేయుండెను.

తెలుగుదేశమున నీ వాదము మఱియొక విధముగా పరిణమించెను. వీరేశలింగము పంతులు శాస్త్రచర్చకు వెనుదీయలేదు. 1879లో నుపన్యసించినప్పుడు ప్రమాణములను చూపియే మాటలాడెను. అయినను వివాహములు జరిగినది ప్రమాణములవలన కాదు. బహిష్కారమున కోర్చిన కొలదిమంది మిత్రుల వలనను, కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ద్రవ్యసాహాయ్యము వలనను జరిగినవి. శాస్త్రము వలదనలేదని రుజువైన పిమ్మటను సహపంక్తిభోజనమునకు వచ్చినవారు తక్కువ. గురజాడ అప్పారావు ఈ యంతరమును బాగుగా కనిపెట్టెను. 1892లో తొలుత ప్రదర్శింపబడి 1897లో ముద్రితమైన కన్యాశుల్కమున వితంతువివాహవాదము గిరీశము నోటబడి బుచ్చమ్మను లోబఱచుకొను సాధనమగుచున్నది. సంస్కరణమును ఎగతాళి చేయుటకే యది వ్రాయబడెనని కొందఱనుట పొరపాటు. పిల్లలను అమ్ముకొను దురాచారముపై నాటకము చూపిన కోపము వారు చూడరైరి. అప్పారావు ఎత్తిచూపినది, వాదము ఎవని నోట నున్నదో యడుగకుండ వాదమునే పూజించుటలోని యపాయము.

1936లో అంబేద్కరు కులనిర్మూలన ప్రసంగమున ఈ మార్గమును మొదలంట నిరాకరించెను. వ్యాకరణముగా చదివినచో శాస్త్రము అట్లు చెప్పుటలేదని సమాధానపడుట నిష్ప్రయోజనము. జనులు దాని నెట్లు గ్రహించిరో యదియే ముఖ్యము. కనుక శాస్త్రప్రామాణ్యమునే కదల్పవలెనని యాతని మతము. 'అపతౌ' చర్చను చదివినవారికి ఈ మాటలోని తీక్ష్ణత తెలియును. కాని శాస్త్రప్రామాణ్యమును విడిచితిమనుకొనిన రాజ్యాంగయుగమునను పండితసభ మఱియొక రూపమున నిలిచినది. 1954లో శిరూరు మఠవ్యాజ్యమున సుప్రీముకోర్టు, మతమునకు అవశ్యకములైన యాచారము లేవో యా మతసిద్ధాంతమునుబట్టియే నిర్ణయింపవలెనని పలికినది. నాటినుండి న్యాయమూర్తులకు వ్యాఖ్యాతల పని తప్పలేదు. 2018 సెప్టెంబరు 28న శబరిమల తీర్పున నలుగురు న్యాయమూర్తులు స్త్రీప్రవేశనిషేధము చెల్లదనిరి; భిన్నాభిప్రాయమును వ్రాసిన యొక్కరు స్త్రీ. విశ్వాసమునందలి యౌచిత్యమును న్యాయస్థానము తూచరాదని యామె పక్షము. 2019 నవంబరులో నా ప్రశ్నలు విస్తృతధర్మాసనమునకు పంపబడినవి.

విద్యాసాగరుడు స్మృతికి పురాణము లోబడునని, గ్రంథప్రయోజనముచే విధిని తూచవలెనని తన కొలతబద్దను ముందుగా చూపి, దానిచే ప్రతిపక్షమును కొలిచెను. మాధవుడును తన కొలతబద్దను దాచలేదు. అవశ్యకాచారమును నిర్ణయించునది గ్రంథమా, సంప్రదాయమా, లేక ఆచరించువారి నమ్మకమా యనునది మాత్రము 1954 తరువాతి తీర్పులయం దొక్కొక్కచోట నొక్కొక్క విధముగా నున్నది.