పుత్తడి బొమ్మ, కుందనపు బొమ్మ, బాపు బొమ్మ: ఒక సౌందర్యవాచకం

అసాధారణమైన స్త్రీ సౌందర్యాన్ని చెప్పడానికి భాషలు వేర్వేరు దారులు పట్టాయి. కాంటనీస్ సహా చైనా భాషల్లో నేటికీ వినిపించే ఒక ప్రాచీన పలుకుబడి అట్టి స్త్రీని నగరాన్నీ రాజ్యాన్నీ కూలదోసేదిగా చెబుతుంది. హాన్ చక్రవర్తి వూ ఆస్థానంలో లీ యెన్నియన్ పాడిన పాట దానికి మూలం. అక్కడ అందం కర్త. తెలుగు వాడుక ఆమెను ‘బొమ్మ’ అంటుంది; ఇక్కడ ఆమె కర్మ, ఎవరో చేసిన వస్తువు. కావ్యాల రంభా ఊర్వశులకన్నా జనవ్యవహారంలో గట్టిగా నిలిచిన పోలిక ఇదే. బాలానగర్ పెళ్లిపందిళ్లలో సైతం పెద్దలు పెళ్లికూతురిని చూసి ‘కుందనపు బొమ్మలా ఉంది’ అనే అంటారు.

ఈ పదబంధాల్లో గమనించవలసినది విశేషణం. పుత్తడి, కుందనం రెండూ బంగారమే. బంగారు బొమ్మ అనగానే దానికొక వెల ఉంటుంది. ప్రశంసలో అణగి ఉన్న ఆ వెలను బయటికి లాగినవాడు గురజాడ అప్పారావు (1862-1915). ‘పుత్తడి బొమ్మ పూర్ణమ్మ’లో పూజారి ఇంటి పిల్లను తల్లిదండ్రులు డబ్బుకు ఆశపడి ముసలివాడికి కట్టబెడతారు. పోలిక అక్షరాలా నిజమవుతుంది. దీనిని కేవలం సంస్కరణ గేయంగా చదివే అలవాటు వల్ల ముగింపులోని అలంకార వ్యూహం మన దృష్టికి రావలసినంతగా రాలేదనిపిస్తుంది. కవి ఆమె చూపునూ, మేనిఛాయనూ, నడకనూ ఒక్కొక్కటిగా వాటి వాటి ఉపమానాలకు అప్పగిస్తాడు. మేనిఛాయ బంగారానికే తిరిగి పోతుంది. అప్పు తీరినట్లు పోలికలన్నీ వెనక్కి ముట్టాక, మిగిలిన పూర్ణమ్మ దుర్గను చేరుతుంది. పుత్తడి వేరు, పూర్ణమ్మ వేరు అని తేలడానికి ఆమె చావు కావలసి వచ్చింది.

‘బాపు బొమ్మ’లో లోహం పోయి, ఆ స్థానంలో గీసినవాడి పేరు చేరింది. ‘బొమ్మ’ అర్థమూ ప్రతిమ నుంచి చిత్రానికి జరిగింది. సత్తిరాజు లక్ష్మీనారాయణ (1933-2014) కుంచె వల్ల వెల తొలగింది గాని కర్మత్వం తొలగలేదు. పెద్ద కళ్లు, వాలుజడ, చీరకట్టు ఒక కొలతగా స్థిరపడ్డాయి. మనిషిని చూసి గీసిన గీతతోనే మళ్లీ మనిషిని కొలుస్తున్నాం. ఇందులో బాపు దోషం తక్కువ, వాడుక దోషం ఎక్కువ. ఆయన కార్టూన్లలో మొగుణ్ణి దబాయించే ఇల్లాలివీ ఆ పెద్ద కళ్లే. ఆమెను మాత్రం ఎవరూ బాపు బొమ్మ అనరు.