పల్లవి రాదు

ఈ వారం ఒక పెళ్లి విందులో వయొలిన్ కుర్రాడు సినిమా పాటలు వాయిస్తూ వాయిస్తూ 'హౌ టు నేమ్ ఇట్' అందుకున్నాడు. విస్తట్లో నా చెయ్యి ఆగిపోయింది. పక్కాయన సాంబారు కలుపుకుంటూ "ఇది ఏ సినిమాలోదండీ?" అన్నాడు. ఇళయరాజాదే గానీ సినిమాలోది కాదన్నాను. "మరెందుకు చేశాడూ?" ఒళ్లు మండింది.

నా రాజా పిచ్చి, దానికి తోడు నా క్యాసెట్ పురాణం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కావు. ఓపిక నేర్పింది టేపే, ఫోనొచ్చి చెవులు పాడుచేసిందని ఎన్నిసార్లు రాశానో! 1986లో వచ్చిన ఈ ఆల్బమ్‌ని కొన్నది 'సాగర సంగమం' ఇచ్చిన ధీమాతో. త్యాగయ్యకూ బాఖ్‌కూ అంకితం. బాఖ్ పోయిన 17 ఏళ్లకు గానీ మన త్యాగయ్య పుట్టలేదు. ఆ ఇద్దరినీ కలపడం రాజాకే చెల్లిందని కనబడ్డవాళ్లందరికీ చెప్పాను. వింటే మాత్రం విసుగు. వి.ఎస్. నరసింహన్ వయొలిన్ ఎంత పలికినా నా చెవి బాలు గొంతు కోసం కాచుకునేది. ఇదిగో పల్లవి, అదిగో పల్లవి అనుకుంటుండగానే ఒక వైపు అయిపోయేది. డబ్బు పెట్టి కొన్నందుకు మళ్లీ వేసేవాణ్ణి.

'ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్'లో బాఖ్ మూడో పార్టిటా ప్రెల్యూడ్‌ని పరుగెత్తనిచ్చి, చుట్టూ తన తీగవాద్యాలు అల్లాడాయన. ఒకరోజు చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటూ వింటున్నాను. ఆ పరుగు వెంట పడటం మానేసి కింద మెల్లగా కదిలే తీగల్ని పట్టుకున్నాను. అరే, ఇది తెలిసిన గొంతే! 'సితార' పాటలు పాడుకునేటప్పుడు పల్లవికీ చరణానికీ మధ్య వయొలిన్ బిట్‌ని కూడా వదలకుండా నోటితో వాయించేవాళ్లం కదా, ఆ మనిషే. అక్కడ అర నిమిషంలో ముగించాల్సిన మాటను ఇక్కడ తీరిగ్గా చెబుతున్నాడు.

అంటే నా చెవిని తయారుచేసింది టేపు కాదు, సినిమా పాటే. పక్కాయన అడిగినదాంట్లోనూ తప్పేం లేదు. ఆ సంగీతం సినిమాల్లోదే, గాయకుడు ఊపిరి తీసుకునే చోట ఉండేది.

'మ్యాడ్ మాడ్ మూడ్ ఫ్యూగ్' మాత్రం నాకింకా ఎక్కలేదు. టేపులో గతిలేక వినేవాణ్ణి. ఇప్పుడు ఫోన్లో హాయిగా దాటేస్తున్నాను.