పిలవని పేరంటం

కళ్ళు చూసిన దృశ్యం తప్పుకున్న తరువాత కూడా, దానితో పని ముగిసేవరకు దానిని కొన్ని క్షణాలపాటు మనసులో నిలిపి ఉంచే శక్తిని మనస్తత్వ శాస్త్రజ్ఞులు దృశ్య వర్కింగ్ మెమరీ అంటారు. రోడ్డు దాటే మనిషి ఎడమవైపు తల తిప్పినప్పుడు, కుడివైపు నుంచి వస్తున్న లారీ ఎంత దూరంలో ఉన్నదో గుర్తుండేది దీనివల్లనే. ఇది చాలా ఇరుకైన చోటు. 1997లో స్టీవెన్ లక్, ఎడ్వర్డ్ వోగెల్ 'నేచర్' పత్రికలో ప్రకటించిన ప్రయోగాలలో, తెర మీద రంగు చతురస్రాలను సెకనులో పదోవంతు కాలం చూపి, సెకను లోపు విరామమిచ్చి, మళ్ళీ చూపి, ఏదైనా రంగు మారిందా అని అడిగారు. మూడు నాలుగు చతురస్రాల వరకు ఇంచుమించు తప్పు లేకుండా చెప్పినవారే, ఆ సంఖ్య దాటేసరికి తడబడ్డారు.

ఈ శక్తి అందరిలో ఒకే తీరుగా ఉండదు. కొందరి పాత్ర పెద్దది, కొందరిది చిన్నది అని సరిపెట్టుకోవచ్చు గాని, 2005లో వోగెల్ బృందం ప్రకటించిన మరో ప్రయోగం ఆ వివరణను నిలవనివ్వలేదు. ఎర్రగీతలు ఏ వాలులో ఉన్నాయో గుర్తుంచుకోవాలని, వాటి నడుమ కనబడే నీలిగీతలను పట్టించుకోరాదని చెప్పి, తలపై అమర్చిన ఎలక్ట్రోడ్లతో మెదడులోని ఒక విద్యుత్ సంకేతాన్ని కొలిచారు. మనసులో నిలిచిన వస్తువుల సంఖ్యతో పాటు పెరిగి, ఆ వ్యక్తి శక్తి మేరకు వచ్చి ఆగిపోయే సంకేతం అది కనుక, లోపల ఎన్ని చేరాయో బయటినుంచే తెలుస్తుంది. రెండు ఎర్రగీతలు, రెండు నీలిగీతలు కలిపి చూపినప్పుడు, శక్తి ఎక్కువ ఉన్నవారిలో సంకేతం రెండు ఎర్రగీతలకు లేచినంతే లేవగా, తక్కువ ఉన్నవారిలో నాలుగు ఎర్రగీతలకు లేచినంత లేచింది. పిలవని పేరంటానికి వచ్చిన నీలిగీతలు పిలిచినవాటితో సమానంగా తాంబూలం పుచ్చుకున్నాయన్నమాట.

ఏది కారణమో, ఏది ఫలితమో ఈ పొంతన ఒక్కటే తేల్చదు. అయితే 2011లో కైసుకే ఫుకుడా, వోగెల్ చూపినదాని ప్రకారం, అక్కరలేనిది కంటపడినప్పుడు మొదట ఇరువర్గాల ధ్యాసా అటు లాగబడుతుంది. శక్తి ఎక్కువ ఉన్నవారు త్వరగా వెనక్కి వస్తారు, తక్కువ ఉన్నవారు అక్కడే ఇంకాసేపు చిక్కుకుంటారు. పరధ్యానం అన్న తెలుగు మాట దీనికి చక్కగా అతుకుతుంది, ఎందుకంటే అది ధ్యానం లేదనడం లేదు, వేరొకచోట ఉన్నదంటున్నది.

ఆ తిరిగిరావడాన్నే విద్యగా సాధన చేయించే ప్రక్రియ అష్టావధానం. అవధానిని ప్రశ్నించే ఎనిమిదిమంది పృచ్ఛకులలో అప్రస్తుత ప్రసంగి పని ధ్యాస చెదరగొట్టడమే. అతని ప్రశ్నను విననట్టు ఊరుకోవడానికి లేదు, సభ నవ్వేలా బదులు చెప్పి, అక్షరాలను నిషేధిస్తుండగా పద్యం అల్లే నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అడ్డుపెట్టిన అక్షరం దగ్గరికి అవధాని తిరిగి రావాలి. అవధాని ధారణకు ఛందస్సు, ఏళ్ళ అభ్యాసం ఊతమిస్తాయి కాబట్టి, దానిని రంగు చతురస్రాల లెక్కతో కొలవడం సరికాదు. కానీ ఒక పోలిక కాదనలేనిది. నాలుగు ఆవృత్తులలో పాదం పాదంగా పూర్తిచేసిన పద్యాలను అవధాని చివర ధారణలో అప్పగిస్తాడు. అప్రస్తుత ప్రసంగి అడిగిన ప్రశ్నలను అప్పగించమని ఎవరూ అడగరు.