ఏడు మాటలు, ఏడుగురు మనుషులు

అనకాపల్లి మార్కెట్‌కి బెల్లం ఇంకా వస్తూండగానే శ్రమకాలం (లెంట్) మొదలవుతుంది. నూకాలమ్మ జాతర కూడా ఇంచుమించు ఈ రోజుల్లోనే. 2025లో మార్చి 2న రంజాన్ ఉపవాసాల మొదలు, 5న భస్మ బుధవారం, 29న జాతర జరిగే కొత్త అమావాస్య, ఏప్రిల్ 20న ఈస్టర్. ఎవరి నియమాలు వాళ్లవి, వీధి మాత్రం ఒక్కటే.

ఈ ప్రాంతపు బాప్టిస్టు సంఘాలకు మూలం కెనడియన్ బాప్టిస్టు మిషన్. 1874లో కాకినాడలో మొదలై యలమంచిలి, నర్సీపట్నం దాకా విస్తరించింది. విభూది పెట్టించుకోవడం, పద్నాలుగు స్థలాల సిలువ మార్గం చేయడం ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ల ఆచారం. కెనడా దొరల సంప్రదాయంలో అవేవీ లేవు. అయినా ఇప్పుడు ఎన్నో బాప్టిస్టు సంఘాలు ఆదివారాలు లెక్కలోంచి తీసేసి మరీ నలభై రోజులు పాటిస్తున్నాయి.

ఆ నలభై రోజులకూ ఆధారం ఇంటింటి కూడికలు. రోజుకో ఇల్లు. వాకిట్లో చాపలు, పక్కింటివాళ్ల కుర్చీలు, రెండు కీర్తనలు, వాక్యం, ప్రార్థన, ఆనక టీ. ఉపవాస దినాల్లో బజ్జీలేమిటమ్మా అని పాస్టరుగారు అంటూనే ఉంటారు, ప్లేట్లు తిరుగుతూనే ఉంటాయి. నిజానికి ఆ బజ్జీలను మరీ తప్పుపట్టనక్కర్లేదు. ఏడాదంతా గుడిలో వెనక బెంచీ మీద కూర్చునే కుటుంబం, ఆ ఒక్క సాయంత్రం సంఘమంతటికీ ఆతిథ్యం ఇస్తుంది.

అసలు పరీక్ష గుడ్ ఫ్రైడే నాడు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు వరసగా మాట్లాడతారు. మాటకూ మాటకూ మధ్య ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, వాటిలో పురుషోత్తమ చౌదరి (1803–1890) రాసినవీ వినబడతాయి. తెల్లబట్టలు, ఖాళీ కడుపులు, ఏప్రిల్ ఎండ. అయిదో మాట దాహం గురించి. అది వచ్చేసరికి ప్రసంగీకుడు పెద్దగా వివరించాల్సిన పని ఉండదు.

ఈ మూడు గంటల ఆరాధన పుట్టింది పెరూలోని లీమాలో. 1687 భూకంపం తర్వాతి రోజుల్లో అలోన్సో మెస్సియా అనే జెస్యూట్ గురువు దీన్ని మొదలుపెట్టాడు. అక్కణ్నుంచి స్పెయిన్ చేరింది, కాదిజ్ నగరం కోసం హేడెన్ దీనికి సంగీతం కట్టాడు. జెస్యూట్ గురువు అల్లిన ఆరాధనను తెలుగు బాప్టిస్టులు తమదిగా చేసుకున్నారు. అంతేకాదు, ఒక్క బోధకుడే చెప్పగలిగిన దాన్ని ఏడుగురికి పంచారు. టీచరు, రైల్వే ఉద్యోగి, యూత్ కుర్రాడు, స్త్రీల సమాజం పెద్దమ్మ: ఏడాదిలో మరెప్పుడూ పుల్పిట్ ఎక్కనివాళ్లు ఆ రోజు ఎక్కుతారు. చేతిలో కాగితం వణుకుతుంది, పది నిమిషాలనుకున్నది ఇరవై అవుతుంది. అయినా పేరున్న స్పీకర్‌ని బయటినుంచి పిలిపించడం కంటే ఇదే మేలు.

పంపకంలో మాత్రం ఒక పాత అలవాటుంది. తల్లిని శిష్యుడికి అప్పగించిన మూడో మాట ఆడవాళ్లకి ఇస్తారు. తండ్రి తనను విడిచిపెట్టాడని కుమారుడు అరిచిన నాలుగోది కష్టమైనదని పాస్టరుగారో, సంఘ పెద్దో ఉంచుకుంటారు. విడిచిపెట్టబడటం అంటే ఏమిటో సంఘంలో ఆడవాళ్లకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఈసారి జాబితా రాసేటప్పుడు, పెద్దలూ, నాలుగో మాట ఒక అమ్మగారికి ఇవ్వండి.