'మూగమనసుల' గౌరి: అభిమానుల తీర్పు

'మూగమనసులు' (1964) ప్రసక్తి వచ్చినపుడు, కోనసీమలో పాత చిత్రముల అభిమానులు కొందరు సావిత్రి రాధకంటె జమున గౌరికే పెద్దపీట వేయుదురు. గౌరి నోట పలికిన గోదావరి యాసయే ఇందులకు హేతువని వారి వాదము. తీర్పును మేము అంగీకరింతుము, హేతువును అంగీకరింపజాలము. ఆదుర్తి సుబ్బారావుగారే ఈ కథను 1967లో 'మిలన్' అను పేర హిందీలో తీసిరి. అక్కినేని, సావిత్రుల స్థానమున సునీల్ దత్, నూతన్ వచ్చిరి. గౌరిగా మాత్రము జమునయే నటించిరి. గోదావరి యాస పోయెను, పాత్ర నిలిచెను. ఆమెకు ఫిలింఫేర్ సహాయనటి బహుమతియు లభించెను. కావున గౌరికి ప్రాణము నటన; యాస దానికి చుట్టిన ఊరి చీర. అయినను అభిమాని పొరపాటు వ్యర్థము కాదు. తన నుడిని తెరపై విని అతడు నటిని తన ఊరి ఆడపడుచుగా చేసికొనెను. విమర్శకుడు ఆ మమతను తోసిపుచ్చరాదు, దానినే ప్రమాణముగా గైకొననురాదు.