అరువు ఫారం మీద మన సంతకం

స్టాంపు వెండర్ దగ్గర దొరికే ప్రామిసరీ నోటు ఫారం కంటే మంచి కాంట్రాక్టు నమూనా తెలుగునాట మరొకటి లేదు. ఖాళీల్లో పేర్లు, సొమ్ము, వడ్డీ రాసి రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేయిస్తే పని అయిపోతుంది. మూడేళ్లు దాటితే చెల్లదని, ఆలోగా ఎంతో కొంత కట్టించి వెనకవైపు చెల్లు రాయించుకోవాలని ఊళ్లో అప్పులిచ్చే ప్రతివారికీ తెలుసు. ఆ కాగితానికి అంత బలం 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం నుంచి, 1963 నాటి లిమిటేషన్ చట్టం నుంచి వచ్చింది. అందులోని ప్రతి మాటకూ మన కోర్టుల్లో ఒక అర్థం ఎప్పుడో స్థిరపడిపోయింది.

సొంతంగా పని చేసుకునే అనువాదకులకు, వెబ్ డిజైనర్లకు, ప్రోగ్రామర్లకు, వీడియో ఎడిటర్లకు అలాంటి ఫారం లేదు. నెట్‌లో వెతికితే చేతికందేవి ఎక్కువగా అమెరికా లాయర్లు అమెరికా వాళ్ల కోసం రాసినవి. పేర్లు మార్చి, డాలర్లను రూపాయలు చేసి, చివర్లో డెలావేర్ రాష్ట్ర చట్టం వర్తిస్తుందన్న వాక్యాన్ని అలాగే వదిలేసి సంతకాలు పెట్టేస్తారు. నమూనా వెతకడం తప్పని నేననను. పని ఎక్కడితో పూర్తయినట్టు, ఎన్నిసార్లు సవరించి ఇవ్వాలి, డబ్బు ఎప్పుడు, హక్కులు ఎవరివి, మధ్యలో ఆపేస్తే ఎంత ఇవ్వాలి అని ఆ ఫారాలు అడిగే ప్రశ్నలు చాలా విలువైనవి. వాటిని తీసుకోవాల్సిందే. జవాబులు మాత్రం, రేపు తగాదా వస్తే మనం ఏ కోర్టు మెట్లెక్కుతామో అక్కడి చట్టంలోంచి రావాలి.

ఇందులో ఎక్కువ నష్టం కాపీరైట్ దగ్గర జరుగుతుంది. అమెరికా ఫారాల్లో ‘వర్క్ మేడ్ ఫర్ హైర్’ అన్న మాట తరచుగా కనిపిస్తుంది. వాళ్ల 1976 చట్టం ప్రకారం, కొన్ని రకాల పనుల్లో, ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే, బయటి మనిషి చేసిన పనికి చేయించుకున్నవారే కర్త అవుతారు. మన 1957 చట్టంలో ఆ ఏర్పాటు లేదు. 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసింది, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిది. ఉద్యోగి కాని అనువాదకుడి అనువాదం, ప్రోగ్రామర్ రాసిన కోడు మాత్రం వాళ్లు బదిలీ చేసేదాకా వాళ్లవే. ఫొటోల దారి వేరు. అక్కడ డబ్బిచ్చి తీయించుకున్నవారే, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారులు. కాబట్టి తాను తీసిన పెళ్లి ఫొటోలను ప్రచారానికి వాడుకోదలచిన ఫొటోగ్రాఫర్ ఆ సంగతి ముందే రాయించుకోవాలి. అనువాదకుడికి ఆ బెడద లేదు. ఒకే ఫారం ఈ ఇద్దరికీ ఎలా సరిపోతుంది? బదిలీకి కూడా 19వ సెక్షన్ ఒక పద్ధతి పెట్టింది. అది రాతలో ఉండాలి, సంతకం ఉండాలి, ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం అని చెప్పాలి. కాలం చెప్పకపోతే ఐదేళ్లని, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకేనని చట్టం లెక్కవేస్తుంది. అంటే పరాయి ఫారాన్ని నమ్ముకున్న కంపెనీకీ నష్టమే. కోడు శాశ్వతంగా, ప్రపంచమంతటా తనదే అనుకుంటూ ఉంటుంది, చేతిలోని కాగితంలో అంత బలం ఉండకపోవచ్చు.

ఒప్పందం ముగిశాక రెండేళ్లు మా పోటీదారులకు పని చేయకూడదన్న షరతు సంగతీ అంతే. 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు అది నిలవదు. క్రికెటర్ జహీర్ ఖాన్‌తో ఒప్పందం ముగిశాక కూడా, అతనికి వచ్చే ఆఫర్లు ముందు తమకు చూపించి తమకే మొదటి అవకాశం ఇవ్వాలని పర్సెప్ట్ డీమార్క్ కంపెనీ పట్టుబట్టినప్పుడు, గడువు దాటాక అలాంటి కట్టడి చెల్లదని సుప్రీంకోర్టు 2006లో తేల్చింది. రహస్యాలు కాపాడాలన్న షరతు వేరు, అది న్యాయమైనది. కానీ చెల్లని షరతుకు భయపడి వచ్చిన పనిని వదులుకునేవారి నష్టాన్ని ఎవరు పూడుస్తారు?

ఇక డబ్బు. ఇక్కడ మన చట్టం మనం అనుకునే దానికంటే ఎంతో ఉదారంగా ఉంది, పరాయి ఫారం దాన్ని కనబడనివ్వదు. ఆధార్, పాన్ ఉంటే ఉద్యమ్ నమోదు ఉచితంగా చేసుకోవచ్చు. అలా నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు, సేవలందించే ఒంటరి మనిషి అయినా సరే, 2006 ఎమ్మెస్ఎమ్ఈ అభివృద్ధి చట్టం రక్షణ ఇస్తుంది. గడువు రాసుకోకపోతే పని అందుకున్న 15 రోజుల్లో చెల్లించాలి. రాసుకున్నా ఆ గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. పని అందాక 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అందిన రోజే ఒప్పుకున్నట్టు. అందుకే ఒప్పందంలో నేను అన్నిటికంటే ముందు చూసే వాక్యం ‘పని అందించడం’ అంటే ఏమిటో చెప్పేది. ఫైలు ఈమెయిల్‌లో పంపితే అందినట్టా, సైటు నడవడం మొదలైతేనా? అది తేలకపోతే రోజుల లెక్క ఎక్కడ మొదలవుతుంది? నమోదు కూడా ఒప్పందానికి ముందే ఉండాలి. తర్వాత చేసుకున్న నమోదు పాత బాకీకి పనికొస్తుందా అన్నది కోర్టుల్లో వాదనలకు దారితీసింది.

పెద్ద కంపెనీలు తమ ఫారమే పంపుతాయి, సంతకం పెట్టడమో పని వదులుకోవడమో తప్ప మనకు దారేదీ అంటారు. నిజమే, బేరమాడే బలం తక్కువ. అయినా 90 రోజులకు ఇస్తామన్న షరతుకు మీరు సంతకం పెట్టినా 45 రోజుల హద్దు పోదు, ఆ నిబంధనలు ఒప్పందం కంటే పైన ఉంటాయని ఆ చట్టమే చెబుతోంది. పైగా 2023లో ఆదాయపు పన్ను చట్టంలో చేసిన మార్పు వల్ల, గడువు దాటిన బాకీని నిజంగా చెల్లించిన ఏడాదిలోనే కంపెనీ ఖర్చుగా చూపించుకోగలదు. అకౌంట్స్ విభాగానికి ఈ మాట గుర్తుచేయడం గొడవ పెట్టుకోవడం కాదు. కోర్టుకెళ్తే ఏళ్లు పడుతుంది కదా అన్నది ఇంకా బలమైన అభ్యంతరం. రాతపూర్వక ఒప్పందం ఉండి, రావలసిన సొమ్ము ఇంత అని తేలి ఉంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 37వ ఆర్డర్ కింద దావా వేయొచ్చు. అందులో ప్రతివాది వాదించుకోవడానికి కూడా ముందు కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. నోటిమాట మీద చేసిన పనికి ఆ దారి లేదు. క్లయింటు న్యూజెర్సీలో ఉంటే మాత్రం వీటిలో చాలా భాగం అక్కరకు రాదు. హైదరాబాద్ కోర్టు డిక్రీ అక్కడ నేరుగా అమలు కాదు. అలాంటప్పుడు అమెరికా ఫారమే వాడండి, కానీ సగం సొమ్ము ముందే తీసుకోండి.

తెలిసినవాళ్ల దగ్గర కాగితం అడిగితే నమ్మకం లేదనుకుంటారన్న సంకోచాన్ని నేను ఒప్పుకోలేను. బావమరిదికి అప్పిచ్చినా నోటు రాయించుకునే సమాజం మనది, చుట్టరికం అలాగే ఉంటుంది.

న్యూయార్క్ నగరంలో 2017లో అమల్లోకి వచ్చిన చట్టం 800 డాలర్లు, ఆపైన చేసే ఫ్రీలాన్స్ పనికి రాతపూర్వక ఒప్పందాన్ని తప్పనిసరి చేసింది. నమూనా ఒప్పందాన్ని నగరమే తయారుచేసి అందరికీ అందుబాటులో పెట్టింది. రెండు తెలుగు రాష్ట్రాల పరిశ్రమల శాఖలూ ఈ పని చేయవచ్చు. ఒప్పందం ఇంగ్లిష్‌లోనే ఉండాలని కాంట్రాక్టు చట్టం ఎక్కడా అనలేదు. తెలుగులో రెండు పేజీలు చాలు, రచనకు, కోడుకు ఒకటి, ఫొటోలకు ఒకటి. లాయర్లు ఒకసారి కూర్చుని సరిచూస్తే, ఉద్యమ్ నమోదుకు సాయపడే ప్రతి జిల్లా పరిశ్రమల కేంద్రం కౌంటర్‌లోనూ ఆ కాగితాలను ఉచితంగా ఇవ్వొచ్చు.