అద్భుత నవల, క్షుద్ర నవల: ఒక పాఠకుడి అభిప్రాయాలు

మన అభ్యుదయ విమర్శకు అద్భుత కథ అంటే మొదటినుంచీ ఏవగింపే. మాంత్రికుడూ, రాకుమారీ, ఏడు సముద్రాల అవతల చిలుకలో ప్రాణమూ ఇదంతా భూస్వామ్య వ్యవస్థ విడిచిన కుబుసమనీ, చదువరిని వాస్తవం నుంచి పారిపొమ్మనే పలాయన సాహిత్యమనీ ఒక్క మాటలో తీసిపారేశాం. తీసిపారేశాక ఇక చదవాల్సిన అవసరం లేదు గదా! ఈ తీర్పుతో నాకు పేచీ ఉంది. అన్నిటినీ ఒకే గాటన కట్టెయ్యడం వల్ల, అందులో మనకు పనికొచ్చేదేదో, పిల్లల బుర్రలకు హాని చేసేదేదో విడదీసి చెప్పే పని మనం చెయ్యలేదు. అందుకు మూల్యం చెల్లిస్తున్నది పద్నాలుగేళ్ల పిల్లలు.

నేను చిలుకూరులో బడిపంతుల్ని. ఇది సాయుధ పోరాటం నడిచిన ప్రాంతం, ఆ తర్వాత సాగర్ ఎడమ కాలువ నీళ్లతో వరి పండిన ప్రాంతం. నా తరగతిలో పాఠ్యపుస్తకం దాటి చదివేవాళ్లు నలుగురైదుగురుంటే, వాళ్ల చెయ్యి ముందుగా పోయేది మాయలూ సాహసాలూ ఉన్న పుస్తకం మీదికే. హారీ పోటర్‌ను డబ్బింగు సినిమాగా చూసినవాళ్లున్నారు. ‘బాహుబలి’ చూడనివాళ్లు లేరు. ఇదే పిల్లలు, ఎవరికైనా రోగం ముదిరితే చేతబడి అనే మాట కూడా వింటూ పెరుగుతారు. మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన తెలంగాణ పల్లెల నుంచి ఈనాటికీ వస్తున్నాయి. కనుక పిల్లవాడికి మాంత్రికుణ్ణి ఎలా చూపిస్తున్నామన్నది కేవలం శిల్పానికి సంబంధించిన చర్చ కాదు.

‘చందమామ’ను తీసుకోండి. 1947 జూలైలో మొదలై 2013లో ఆగిపోయిన ఆ పత్రికను 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా తీర్చిదిద్దింది కొడవటిగంటి కుటుంబరావు. మార్క్సిస్టు, విరసం వ్యవస్థాపకుల్లో ఒకరు. ఆ ఆఫీసులోనే కూర్చుని ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ‘ముగ్గురు మాంత్రికులు’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’ వంటి ధారావాహికలను తన పేరైనా లేకుండా రాసినవాడు దాసరి సుబ్రహ్మణ్యం. ఆయన హేతువాది. ఒక హేతువాది దశాబ్దాల తరబడి మాంత్రికుల కథలు రాశాడంటే మనవాళ్లు దాన్ని ఉద్యోగధర్మమని సరిపెట్టుకున్నారు. నేను ఒప్పుకోను. చదివి చూడండి. ఆ కథల్లో మాంత్రికుడు నిధికో, రాజ్యాధికారానికో అర్రులు చాచే స్వార్థపరుడు. వాడికి తెలిసిన మంత్రాల కంటే వాడి దురాశ పెద్దది, చివరికి వాణ్ణి తినేసేది ఆ దురాశే. వాణ్ణి ఎదిరించే యువకుల చేతిలో మంత్రం ఉండదు. కండబలం, సమయస్ఫూర్తి, ఒకరికొకరు తోడు నిలిచే స్నేహం మాత్రం ఉంటాయి. ‘ముగ్గురు మాంత్రికులు’లో పింగళుడు వలేసుకుని బతికే జాలరి. దాని మూలం అరేబియన్ నైట్స్‌లో ఉంది గాని, తల్లిని పోషించుకుంటూ, అన్నల మోసాలు భరిస్తూ బతికే ఆ పింగళుడు మాత్రం తెలుగు పల్లెటూరివాడే. ‘శిథిలాలయం’లో శబర యువకుడు శిఖిముఖి, క్షత్రియ యువకుడు విక్రమకేసరి సమాన స్నేహితులుగా నడుస్తారు. ఆ రోజుల్లో మన సాంఘిక నవలల్లో అలాంటి జోడీలు ఎన్ని ఉన్నాయో లెక్క తియ్యండి! చిత్రా గీసిన బొమ్మల్లోని వింత మృగాలను చూసి పిల్లవాడు జడుసుకుంటాడు, పేజీ తిప్పాక నవ్వుకుంటాడు. అదంతా ఎక్కడో, ఎప్పుడో, అనగనగా జరిగిందని వాడికి తెలుసు.

ఈ ‘అనగనగా’ చిన్న మాట కాదు. నేను చెప్పదలచుకున్నదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఇది కల్పన అని ముందే ఒప్పుకుని చెప్పే కథ వేరు, ఇది నిజమేమో అని నమ్మించడానికి పూనుకునే కథ వేరు. మొదటిది పిల్లవాడి ఊహకు రెక్కలిస్తుంది. రెండోది వాడి భయానికి సాక్ష్యం సమకూరుస్తుంది.

1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వారపత్రికలో వచ్చినప్పుడు జరిగింది రెండోదే. చెయ్యి తిరిగిన రచన, అందులో సందేహం లేదు. ఉత్కంఠ నడపడంలో ఆయనకున్న నేర్పు మన వాస్తవికవాద నవలాకారుల్లో చాలామందికి లేదు, ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు నామోషీ లేదు. కాని ఏం చేశారు? కాష్మోరాను నడివీధి ఇంట్లోకి, డాక్టర్ల మధ్యకు తెచ్చి, ఒక పసిపిల్ల మీద ప్రయోగించి, వైద్యమూ మంత్రమూ రెండూ సమాన ప్రత్యర్థులైనట్టు నిలబెట్టారు. ఏది నిజమో పాఠకుడే తేల్చుకోవాలట! ఇంట్లో చేతబడి మాట వింటూ పెరిగిన పాఠకుడు ఏం తేల్చుకుంటాడో రచయితకు తెలియనిదా? రంగనాయకమ్మ గారు ఆనాడే ఘాటుగా విమర్శించారు. మిగతా మనం ‘వ్యాపార నవల’ అని ముద్ర వేసి ఊరుకున్నాం. ఆ తర్వాత ఆ బాటన వచ్చిన క్షుద్ర నవలలు అద్దె పుస్తకాల షాపుల్లో వరస కట్టాయి. నా ఈడువాళ్లు చాలామంది చందమామ వదిలిన చేత్తో నేరుగా వాటినే పట్టుకున్నారు. మధ్యలో పట్టుకోవడానికి మరొకటి లేదు.

అలాగని పాతదంతా బంగారం కాదు. మధిర సుబ్బన్న దీక్షిత కవి ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాలు. కాశీకి పోయే యతి వెంట ఒక పశువుల కాపరి కుర్రవాడు బయల్దేరతాడు, మజిలీ మజిలీకి కథ వింటాడు. అన్ని భాగాలు విన్నా కథలో నాయకుడి పీట మాత్రం రాజకుమారుడిదే. అమెరికాలో ఉర్సులా లెగ్విన్ 1968లో ఒక మాంత్రికుడి నవల రాస్తూ, మేకలు కాచుకునే నల్లని కుర్రవాణ్ణే నాయకుణ్ణి చేసింది. వాడు వెంటాడి పట్టుకోవాల్సిన శత్రువు కూడా బయటివాడు కాదు, తన గర్వం వల్ల తానే లోకంలోకి వదిలిన నీడ. మన కాపరి మాత్రం ఇంకా మజిలీ చెట్టుకిందే కూర్చుని ఉన్నాడు.

హారీ పోటర్ గురించి కూడా ఒక మాట. 1997 నుంచి 2007 దాకా ఏడు పుస్తకాలు వచ్చాయి. అందులో శుద్ధ రక్తం గలవాళ్లు, మాంత్రికేతరుల కడుపున పుట్టిన పిల్లలను ‘మురికి రక్తం’ అని తిట్టే ఘట్టం వివరించి చెప్పగానే తరగతి ఒక్కసారిగా మౌనమైపోయింది. వాళ్లకు అది ఇంగ్లండు సంగతిగా వినపడలేదు. అంతవరకు రచయిత్రి రౌలింగ్‌కు దండం పెట్టాలి. కాని ఆ మాంత్రికుల బడిలో వంటా వార్పూ చేసేది ఇంటి పిశాచాలనే బానిస జాతి. వాళ్ల విముక్తి కోసం హెర్మయనీ అనే అమ్మాయి సంఘం పెడితే స్నేహితులతోపాటు కథ కూడా ఆమెను చూసి నవ్వుతుంది. ఆ బానిసలకు స్వేచ్ఛ అంటేనే అవమానమట. మన దొరలు వెట్టివాళ్ల గురించి చెప్పుకున్న మాట సరిగ్గా ఇదే. ఇది పిల్లలకు చెప్పాల్సింది మనమే. పుస్తకం నిషేధించినా లాభం లేదు, ఆకాశానికెత్తినా లాభం లేదు.

మరి మనం ఏం రాశాం? మన బాలసాహిత్యంలో ఎక్కువభాగం నీతి గుళికలు. చెట్లు నాటండి, కలిసి ఉండండి, పెద్దల మాట వినండి. పదిహేనేళ్ల కుర్రవాడికి ఇవి చెప్పబోతే మర్యాదకు వింటాడు, అంతే. వాడికి కావలసింది ప్రమాదం, ప్రయాణం, తనొక్కడే తేల్చుకోవాల్సిన ప్రశ్న. అది ఇవ్వడానికి మంత్రమే అక్కర్లేదని కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’తో రుజువు చేశారు. పందులు కాచుకునే ముసలివాడు తప్పిపోయిన సుక్కపందిని వెతుక్కుంటూ రాత్రి అడవిలోకి పోతాడు. ఏ పాతాళదుర్గంలోనూ అంత భయం, అంత అద్భుతం లేవు. పదో తరగతి పిల్లలకు దాన్ని కొన్ని రోజులు చదివి వినిపించాను. గంట కొట్టినా లేవలేదు.

ఆడపిల్లల సంగతి ఇంకా మిగిలే ఉంది. నా బడిలో ఎక్కువ చదివేది వాళ్లే. దాసరి ధారావాహికల్లో రాకుమారి ఎక్కువగా ఎత్తుకుపోబడుతుంది, లేదా గెలుచుకోబడుతుంది. బాలనాగమ్మ కథలో కూడా మాయల ఫకీరు కోటకు పోయి తల్లిని విడిపించేది కొడుకు బాలవర్ధి. దారి చూపే పూలముసలి తంబళి పెద్దికి మాత్రం కథలో సగం పేజీ. ఆ పూలముసలి మనవరాలు పద్నాలుగేళ్ల పిల్ల అయి ఉండి, పూలబుట్ట నెత్తిన పెట్టుకుని కోటలోకి తనే నడిచిపోతే ఏమౌతుందని తొమ్మిదో తరగతి అమ్మాయిల చేత రాయించాను. ముప్పై కాగితాలు వచ్చాయి. ఒక్కదాంట్లోనూ ఆమె ఫకీరును మంత్రంతో చంపలేదు.